అక్వేరియంలో నీళ్లు మార్చే విద్య

తొట్టి మసకబారిందని ఆదివారం పూట చేపలన్నిటినీ వలతో పట్టి బకెట్‌లో వేస్తారు. పాత నీళ్లన్నీ పారబోస్తారు. గులకరాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద పెట్టి మురికన్నది లేకుండా కడుగుతారు. కొత్త నీళ్లు నింపి చేపల్ని మళ్లీ వదులుతారు. మర్నాటికో, మూడో నాటికో ఒక్కొక్కటిగా తేలడం మొదలవుతుంది. గప్పీలు, మోలీలు కొన్ని తట్టుకుంటాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు తట్టుకోలేవు. చేపలు మంచివి కావనో, షాపువాళ్లు మోసం చేశారనో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఎంతో ముచ్చటపడి కొన్న అక్వేరియం చాలా ఇళ్లలో ఇలాగే అటకెక్కుతుంది.

చేపలకు నీళ్లు మార్చకపోతే ప్రమాదం. అడ్డదిడ్డంగా మార్చితే అంతకన్నా ప్రమాదం. ఈ రెంటి మధ్య దారి ఏమిటో పెంపకందార్లు తరతరాల అనుభవంతో తెలుసుకుంటూ వచ్చారు. వాళ్లు నేర్చుకున్నదాని సారం ఇది: కొద్దిగా మార్చాలి, తరచుగా మార్చాలి, పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ తేడా లేకుండా మార్చాలి.

పాత నీళ్ల మీద నమ్మకం

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ప్రయోగ ఫలితాన్ని కెమికల్ సొసైటీ ముందు పెట్టారు. గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్కలు, నత్తలు కలిపి ఉంచితే నీళ్లు మార్చకుండానే అవి బతుకుతున్నాయని ఆయన వివరించారు. మొక్క ప్రాణవాయువునిస్తుంది, కుళ్లిన ఆకును నత్త తింటుంది, చేప విసర్జించినది మొక్కకు ఎరువవుతుంది. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరుచుకుంది. అక్వేరియం సరదా ఇళ్లలోకి పాకింది. సమతూకం కుదిరిన తొట్టిలో నీళ్లు మార్చనక్కర్లేదన్న నమ్మకం కూడా దానితోపాటే పాకింది. పసుపురంగు తిరిగిన పాత నీళ్లను అపురూపంగా కాపాడుకున్న పెంపకందార్లు చాలాకాలం ఉన్నారు.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఉన్నట్టుండి కొత్త నీళ్లు పోస్తే చేపలు చావడం వాళ్లు కళ్లారా చూశారు. అయితే పాత నీళ్లలో కంటికి కనబడకుండా పేరుకుపోయేవాటిని కొలిచే సాధనాలు వాళ్ల దగ్గర లేవు.

చేప తన మొప్పల గుండా నీటిలోకి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. ఇది విషం. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద స్థిరపడిన బాక్టీరియా దీన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పని చేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపారు. నైట్రైట్ చేప రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు గానీ, మొక్కలు వాడుకోగా మిగిలినది తొట్టిలోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి పంపే మార్గం నీళ్లు మార్చడమే.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఒక తొట్టిలో వారానికి లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ పెరుగుతోందనుకుందాం. వారం వారం పదో వంతు నీళ్లు మార్చితే అది పెరిగి పెరిగి 100 దగ్గర ఆగుతుంది. నాలుగో వంతు మార్చితే 40 దగ్గర, సగం మార్చితే 20 దగ్గర ఆగుతుంది. ఎంత మార్చాలన్నది చేపల సంఖ్యను బట్టి, మేతను బట్టి ఉంటుంది. ఎంత మార్చినా క్రమం తప్పకపోవడమే ముఖ్యం.

ఎండాకాలంలో తొట్టి నీరు తగ్గిందని ఒక చెంబెడు పోసి, నీళ్లు మార్చామనుకునేవాళ్లున్నారు. ఆవిరైపోయేది నీరు మాత్రమే. ఉప్పులు, నైట్రేట్ అందులోనే ఉంటాయి. తగ్గినంత పోయడం వేరు, పాతవి తీసి కొత్తవి పోయడం వేరు.

ఆలస్యంగా మార్చితే ఏమవుతుంది?

నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో బాక్టీరియా పని వల్ల ఆమ్లం పుడుతూ ఉంటుంది. నీటిలోని కార్బనేట్లు దాన్ని అదుపులో ఉంచుతాయి. అవి అయిపోయాక పీహెచ్ 6కో, అంతకంటే కిందికో జారుతుంది. అప్పుడు బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు వెంటనే చావవు. ఆమ్లగుణం ఉన్న నీటిలో అమ్మోనియాలో చాలా భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పైగా మార్పు నెమ్మదిగా వచ్చింది కాబట్టి చేపలు దానికి అలవాటు పడతాయి.

ఇలాంటి తొట్టిని చూసి ఒకరోజు యజమాని ముక్కాలు వంతు నీళ్లు తీసేసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు నింపుతారు. పీహెచ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. 25 డిగ్రీల వేడి వద్ద, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి వచ్చేసరికి అది 5 శాతం దాటుతుంది. తొట్టిలో మిగిలిన అమ్మోనియంలో కొంత భాగం వెంటనే విషంగా మారుతుంది. దానికి తోడు, నీటిలో ఉప్పుల పరిమాణం హఠాత్తుగా మారడంతో చేప శరీరం తన లోపలి ఉప్పునీళ్ల సమతూకాన్ని సర్దుకోలేకపోతుంది. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి, మొప్పలు వేగంగా కొట్టుకుంటాయి, రెక్కలు ఒంటికి అంటుకుపోతాయి. ఇలాంటి పాత తొట్టిని రోజుకు పదో వంతు చొప్పున మార్చుకుంటూ నెమ్మదిగా దారికి తేవాలి.

సున్నితమైన చేపలు ఎక్కడివి?

కార్డినల్ టెట్రా బ్రెజిల్‌లోని రియో నీగ్రో పరీవాహకంలో దొరుకుతుంది. అడవి ఆకులు కుళ్లి ఆ నది నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అందులో ఉప్పులు దాదాపు ఉండవు, పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది. డిస్కస్ కూడా అమెజాన్ పరీవాహకపు చేపే. దానికి 28 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి, డిస్కస్ తొట్టిలో కుళ్లే మేతకు తావుండకూడదు. డిస్కస్ పిల్లలు పుట్టిన తొలి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును తిని పెరుగుతాయి. పెద్దచేపల చర్మం ఆరోగ్యంగా ఉంటేనే పిల్లలకు తిండి. అందుకే ఈ చేపను పెంచేవాళ్లలో రోజూ నీళ్లు మార్చే అలవాటు స్థిరపడింది.

మన దేశంలోనూ అలాంటి చేప ఉంది. కేరళ, కర్ణాటక పడమటి కనుమల వాగుల్లో ఉండే డెనిసన్ బార్బ్‌ను ‘మిస్ కేరళ’ అంటారు. పారే నీటిలో పుష్కలంగా ప్రాణవాయువు పీల్చి బతికే చేప అది. అలంకరణ చేపల వ్యాపారం కోసం విపరీతంగా పట్టడం వల్ల అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. అలాంటి చేపను ఇంటికి తెచ్చి నిర్లక్ష్యంతో చంపుకోవడం ఒక వాగుకు చేసిన అన్యాయం.

మన కుళాయి, మన బోరు

హైదరాబాద్‌కు కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు క్లోరిన్ కలిసి వస్తాయి. క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లోని బాక్టీరియాను చంపుతుంది. నీళ్లను బకెట్లలో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే చేపల షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. వాటిలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్.

బోరు నీళ్ల సంగతి వేరు. వాటిలో క్లోరిన్ ఉండదు గానీ చాలాచోట్ల కాఠిన్యం ఎక్కువ. నేల లోపలి నుంచి వచ్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా కరిగి ఉంటుంది. గాలి తగిలి అది పోయాక పీహెచ్ పెరుగుతుంది. అందువల్ల బోరు నీటిని తోడిన వెంటనే కాకుండా, ఒక రోజు గాలి ఆడనిచ్చాక కొలవాలి. కాఠిన్యం తగ్గించాలంటే ఆర్వో నీళ్లు కొంత కలపాలి. మొత్తం ఆర్వో నీళ్లే పోస్తే కార్బనేట్లు లేక పీహెచ్ నిలకడగా ఉండదు.

మేడ మీది ట్యాంకు మరో చిక్కు. మే నెల మధ్యాహ్నం ఆ పైపులో వచ్చే నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. జనవరి తెల్లవారుజామున అవే నీళ్లు జివ్వుమంటాయి. చల్లని నీళ్లు పడిన తొట్టిలో తెల్ల మచ్చల జబ్బు తేలిగ్గా పట్టుకుంటుంది. థర్మామీటరు పెట్టి, తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా చూసుకున్నాకే నీళ్లు పోయాలి.

చేసే తీరు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. రాళ్లూ పైన వదిలిన ఖాళీ పోను 160 లీటర్లు అనుకుంటే, నాలుగో వంతు 40 లీటర్లు. రెండు పెద్ద బకెట్లు చాలు. ఆ నీళ్లు ముందురోజే పట్టి ఉంచాలి.

ముందుగా హీటర్, ఫిల్టర్ స్విచ్ కట్టేయాలి. చేపల్ని బయటికి తీయకూడదు. వలతో పట్టడమే వాటికి పెద్ద బెదురు. సైఫన్ గొట్టం వెడల్పు కొసను గులకరాళ్లలోకి దించితే, రాళ్లు గొట్టంలో కాస్త పైకి లేచి గిరగిరా తిరిగి మళ్లీ కిందికి జారతాయి. వాటి మధ్య ఇరుక్కున్న మడ్డి గోధుమరంగు పొగగా లేచి బకెట్‌లోకి పోతుంది. నీరు తేటపడగానే గొట్టాన్ని పక్కకు జరపాలి. ఈ వారం సగం నేల, వచ్చే వారం మిగతా సగం చాలు. ఫిల్టర్ స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి. కుళాయి నీళ్లు తగిలితే మేలుచేసే బాక్టీరియా పోతుంది. సబ్బు తగలనే కూడదు.

కొత్త నీళ్లను బకెట్‌తో కుమ్మరించకూడదు. సన్నటి గొట్టంతో నెమ్మదిగా వదలాలి. డిస్కస్‌ల వంటి వాటికి అరగంట పట్టినా తొందరపడవద్దు. నీళ్లు నిండాక కాసేపు చూడాలి. చేపలు మునుపటిలా తిరుగుతుంటే పని సవ్యంగా జరిగినట్టు. డిస్కస్ రంగు నల్లబడి మూలకు చేరితే ఏదో తేడా పడినట్టు. తీసిన పాత నీళ్లు మందులూ ఉప్పూ కలవనివైతే బాల్కనీలోని మొక్కలకు పోయొచ్చు. వాటిలోని నైట్రేట్ మంచి ఎరువు.

భీమవరం వైపు ఆక్వా రైతులు మేత వేసే ముందు నీటి సంగతి చూస్తారు. పీహెచ్, అమ్మోనియా, ప్రాణవాయువు వాళ్ల రోజువారీ మాటలు. ఇంట్లో అక్వేరియం పెట్టేవాళ్లకూ ఆ పట్టింపు రావాలి. వారానికి ఒక గంట తొట్టి ముందు కూర్చుని నీళ్లు మార్చేవాళ్లకు ఏ చేప మేత మానేసిందో, ఏ రెక్క చిరిగిందో జబ్బు ముదరకముందే తెలుస్తుంది. ఈ పనికున్న అసలు విలువ అదే. పిల్లలకైతే ఒక ప్రాణి బాధ్యత మోయడం అక్కడే అలవాటవుతుంది.

కొత్తగా అక్వేరియం కొనాలనుకునేవారు చేపల షాపుకు వెళ్లే ముందే ఇంటి నీళ్లను ఒకసారి కొలిపించండి. కాఠిన్యం ఉన్న బోరు నీళ్లయితే గప్పీలు, మోలీలు, మలావీ సరస్సు సిక్లిడ్‌లు హాయిగా బతుకుతాయి. టెట్రాలు, డిస్కస్‌లే కావాలంటే, వాటికి తగిన నీళ్లు వారం వారం ఇవ్వగలమన్న నమ్మకం కుదిరాకే తెచ్చుకోండి. చేపను చూసి నీళ్లు వెతుక్కోకండి. ఉన్న నీళ్లకు తగిన చేపను ఎంచుకోండి.