ఎప్పుడు మొదలైందమ్మా?

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన ఒక అధ్యయనం 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చింది. డిమెన్షియాతో వచ్చిన 648 మందిని పరిశీలిస్తే, ఒక్క భాషే తెలిసినవారికంటే రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడి మొహం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. అందరూ భాషల గురించి మాట్లాడుకున్నారు. నన్ను పట్టేసింది మాత్రం ఆ లెక్క కింద ఉన్న చిన్న పని. మరుపు ఏ వయసులో మొదలైందో ఏ స్కానూ చెప్పదు. దగ్గరగా మెలిగిన ఇంటిమనిషిని కూర్చోబెట్టి అడగాల్సిందే. ఆ నాలుగున్నరేళ్లు వందలసార్లు అడిగిన ఒక ప్రశ్న మీద, జవాబును విన్న తీరు మీద ఆధారపడ్డాయి.

ఆ పనితనం ఎలాంటిదో చూడాలంటే వేంసూరు వైపు నుంచి ఒక కొడుకు తల్లిని పట్నం ఆసుపత్రికి తీసుకొచ్చాడనుకుందాం. సత్తుపల్లి దాటి ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న ఊళ్లు, మామిడి తోటలు, పామాయిల్ తోటలు. "పోయినేడు నుంచి అమ్మకి మరుపండీ" అంటాడు కొడుకు. చేయి తిరిగిన సైకాలజిస్టు "పోయినేడు" అని రాసేసుకోరు. అది కొడుకు గట్టిగా గమనించిన రోజు తప్ప, జబ్బు మొదలైన రోజు కాకపోవచ్చు. "మొట్టమొదట మీకు ఏం తేడాగా అనిపించింది?" అని అడుగుతారు. పిల్లల పేర్లు తారుమారు చేసిందంటాడు. అప్పుడు అందరికీ గుర్తుండే ఒక సంగతి దగ్గరికి వెళ్తారు. చెల్లెలి పెళ్లికి వచ్చినవాళ్లను గుర్తుపట్టిందా? పట్టింది. కట్నకానుకల లెక్క ఎవరు చూశారు? అమ్మే. మరి ఆ తర్వాతి వేసవిలో ఆవకాయ ఎవరు కలిపారు? ఇక్కడ కొడుకు ఆగుతాడు. ఆ ఏడు ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు పక్కింటి పిన్ని చెప్పిందని గుర్తుకొస్తుంది.

పెళ్లినాటికి బాగుంది, ఆవకాయనాటికి లేదు. ఈ రెంటి మధ్య ఎక్కడో మొదలు ఉంది. పంచాంగం చూడకుండా, కాగితం ముక్క లేకుండా, ఏళ్ల కిందటి ఒక మార్పును కొన్ని నెలల ఎడంలోకి తెచ్చిన తీరు ఇది. అడిగిన ప్రశ్నలు కూడా ఊరికే ఎంచినవి కావు. ముఖాలు గుర్తుపట్టడం, డబ్బు లెక్క, వరస తప్పకుండా పని చేసుకురావడం మెదడు చేసే వేర్వేరు పనులు. ఆవకాయ ప్రశ్న పరీక్షలాగా వినిపించదు గనక, అడిగినట్టే అనిపించకుండా చాలా చెప్పిస్తుంది.

ఇదంతా తర్వాతి దశ. దీనికి ముందు తల్లితోనే మాట్లాడాలి. కుర్చీలు ఎదురెదురుగా వేయరు. కాస్త ఏటవాలుగా వేస్తారు. కళ్లలోకి చూడాలనిపిస్తే చూడొచ్చు, వద్దనిపిస్తే చూపు తిప్పుకోవచ్చు. మొదటి ప్రశ్న వెడల్పుగా ఉంటుంది: "చెప్పమ్మా, ఎలా ఉంటోంది?" ఆ తర్వాత కాసేపు అడ్డు తగలకపోవడమే పని. కథ చెప్పే అమ్మమ్మకు పిల్లలు ఊఁ కొట్టినట్టు, ఇక్కడా ఊఁ కొడతారు. కథ ఎటు వెళ్లాలో ఆ ఊఁ నిర్ణయించకూడదు. తిండి సయించట్లేదని, గుండె దడగా ఉందని, ఒళ్లంతా మంటలని ఆమె చెప్తుంది. మనసు మాట ఎత్తకపోవచ్చు. ఒంటి బాధను పక్కకు నెట్టి మనసులోకి దూకడం తొందరపాటు. మంటలు ఏ వేళ ఎక్కువ, అప్పుడు ఇంట్లో ఎవరుంటారు, ఆ సమయంలో ఏ ఆలోచన వస్తుంది అంటూ ఆమె తెరిచిన తలుపులోంచే లోపలికి వెళ్తారు.

వెడల్పు ప్రశ్న నుంచి సన్నని ప్రశ్నకు దిగేచోట మన ప్రాంతంలో ఒక గట్టి చిక్కుంది. డాక్టరు "నిద్ర పట్టట్లేదా?" అంటే "అవునండీ" అనడం మర్యాద. ఆ అవునుకు విలువ తక్కువ. అందుకని "పడుకున్నాక ఏమవుతుందమ్మా?" అంటారు. కోడి కూయకముందే మెలకువ వస్తుందని ఆమె తనంతట తాను చెప్తే, అది దిగులు జబ్బును తూచేటప్పుడు చాలా బరువున్న సమాచారం. విన్నదాన్ని మళ్లీ ఆమెకే అప్పజెప్పడం ఇంకో మెళకువ: "అంటే మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇలా ఉంది, అంతేనా?" "కాదయ్యా, అంతకుముందే" అని ఆమె సరిదిద్దితే ఆ ప్రశ్న ఫలించినట్టే. దిద్దే అవకాశం ఇవ్వడానికే దాన్ని అలా మలిచారు.

జ్ఞాపకాన్ని కొలిచే పరీక్షల్లో ఎంత శ్రద్ధ ఉందో చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువులేని వృద్ధుల కోసం ఒక పరీక్షను హిందీలో తిరిగి తయారుచేసి 1995లో ప్రచురించారు. మూల పరీక్షలో 'కళ్లు మూసుకోండి' అని రాసిన కాగితం చదివి అలా చేయాలి. ఇక్కడ అడిగేవాళ్లే కళ్లు మూసుకుని, నేను చేసినట్టు చేయమంటారు. వాక్యం రాయమనేచోట మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. కొలవాల్సింది మెదడునా, బడినా అన్న తేడాను ఒక్కో అంశంలో విడదీశారు. నిమ్స్‌లో తెలుగు పరీక్షల మీద జరిగిన పని కూడా ఈ దారిదే. వేంసూరు రైతుకు ఇంగ్లీషు తేదీ తెలియకపోవడం పెద్ద విషయం కాదు. రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చిందో లేదో తెలియకపోతే అది ఆలోచించాల్సిందే. వందలోంచి ఏడేడు తీసేయలేనివాళ్లు, నలభై రూపాయల టమాటాలు కిలోన్నర కొని వంద నోటిస్తే చిల్లరెంతో టక్కున చెప్పగలరు.

వేంసూరు నుంచి భద్రాచలం వైపు అడవిలోకి వెళ్తే కోయ మాతృభాషగా ఉన్నవాళ్లు వస్తారు. మధ్యలో ఒకరు భాష మార్చి చెప్పాల్సి ఉంటుంది. అప్పుడు ముగ్గురూ త్రికోణంగా కూర్చుంటారు. ప్రశ్న దుబాసీని చూసి వేయరు, వచ్చిన మనిషిని చూసే వేస్తారు. ఆమె రెండు నిమిషాలు మాట్లాడితే దుబాసీ "ఏం లేదంటోంది" అని తేల్చేస్తే అక్కడ ఆపి, ఒక్కో మాటా మళ్లీ చెప్పమంటారు.

మళ్లీ వేంసూరు తల్లి దగ్గరికి వస్తే, ఒక దశలో కొడుకును బయట కూర్చోమంటారు. కొన్ని మాటలు అతని ముందు రావు. చచ్చిపోవాలనే ఆలోచన అందులో ఒకటి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందనే భయం చాలామందికి ఉంది. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. పాత పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పి.హెచ్.క్యు.-9 ప్రశ్నలు అడిగారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. తొమ్మిదోది ఈ ఆలోచన గురించే. దాని ముందు నిద్ర, తిండి, నీరసం, తన మీద తనకు చులకన వంటి ఎనిమిది ప్రశ్నలుండటం వల్ల, అక్కడికి వచ్చేసరికి మాట కాస్త అలవాటవుతుంది. ఆ వరసకు నేను దండం పెడతాను. జవాబు అవునైతే గొంతు మారకూడదు, కాగితం మీదికి వంగిపోకూడదు. ఎన్నాళ్లుగా, ఎలా చేద్దామనుకున్నారు, ఇంట్లో పురుగుమందు ఎక్కడుంటుంది అన్నదాకా అడగాలి. మిరప, పత్తి పండే ఇళ్లలో ఆఖరి ప్రశ్న ప్రాణాలతో ముడిపడింది. మందు డబ్బాకు తాళం ఎవరు వేయాలో లేచేలోగా తేల్చుకుంటారు; రాత్రివేళ ఫోన్ చేయడానికి టెలీ మానస్ నంబరు 14416 రాసిస్తారు. ఆ ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

నివేదిక రాసేటప్పుడు ఆమె అన్న మాటలు ఆమె అన్నట్టే కొటేషన్లలో ఉంటాయి. తాము అనుకున్నది వేరే పేరాలో ఉంటుంది. రేపు ఇంకో డాక్టరు చదివి వేరే అభిప్రాయానికి రావాలన్నా, ముడిసరుకు చెడకుండా దొరుకుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు గడియారం చూసేది ఒక్క పనికే. అసలు సంగతి చాలామంది లేచి గుమ్మం దాకా వెళ్లాక చెప్తారు. అందుకని ఇంకా పది నిమిషాలు ఉండగానే "నేను అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందామ్మా?" అంటారు. ఆమె ఏదైనా చెప్తే, వినడానికి ఆ పది నిమిషాలూ ఉంటాయి.