దుఃఖాన్ని ఆటగా ఆడవచ్చునా?

పల్నాటిలో ఆటను చిన్నచూపు చూచేవారు అరుదు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేండ్లు వలసపోయినారనీ, ఆ పగ కారంపూడి రణరంగం దాకా సాగినదనీ వీరుల కథ విన్న ఈపూరు పిల్లలు కూడా చెప్పగలరు. ఆట పర్యవసానం అంత గంభీరం కావచ్చును. మరి గంభీరమైన విషయాన్నే ఆటగా మలిచినప్పుడు అది వినోదం కలిగించి తీరవలెనా?

'లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్' అనే వీడియో గేమ్ ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. పాలస్తీనాలోని నాబ్లుస్‌కు చెందిన రషీద్ అబూ ఈదా 2014 నాటి గాజా యుద్ధాన్ని ఆధారంగా తీసుకొని దీనిని రూపొందించి 2016లో విడుదల చేసినారు. బాంబుల నడుమ ఒక తండ్రి భార్యాబిడ్డలను కాపాడుకొనుటకు పరుగెత్తుతాడు. ఆపిల్ సంస్థ మొదట దీనిని ఆటల వర్గంలో చేర్చుకొనక, వార్తల విభాగంలోనో సమాచార విభాగంలోనో పెట్టుకొమ్మన్నది. విమర్శలు రాగా కొద్ది రోజులలోనే నిర్ణయం మార్చుకొన్నది. ఆట అంటే ఆహ్లాదమే అన్న భావన ఎంత బలమైనదో దీనినిబట్టి గ్రహించవచ్చును.

దివ్య ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరా 64వ ఆయతులో ఇహలోక జీవితాన్ని గురించి 'లహ్వ్', 'లఇబ్' అనే రెండు పదాలు వచ్చినవి. అనువాదకులము 'ఆట, వినోదం' అని జంటగా వ్రాసి ముందుకు సాగుతాము. కాని 'లఇబ్' అంటే ఆడుట. 'లహ్వ్' అంటే ముఖ్యమైన దానినుండి మనస్సును మరలించునది. అక్కడ రెండూ ఇహలోకపు అల్పత్వాన్ని తెలుపునవే. అయినా ఆడుట అంతా నిషిద్ధం కాదు. మస్జిద్‌లో హబ్షీలు ఈటెలతో ఆడుతుండగా హజ్రత్ ఆయిషా (రజి) చూచిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. లైలా గేమ్ ఆటయే. కాని అది మనస్సును మరలించదు, మనం మరచిపోజూచే దానివైపే త్రిప్పుతుంది.

ఇందులో ఒక లోపమున్నది. ఏ దారి ఎన్నుకొన్నా చివరకు విషాదమే. మొదటిసారి అది గుండెను పిండుతుంది. రెండవసారి ఆడినవానికి ఎన్నిక నామమాత్రమేనని తెలిసిపోతుంది. అప్పుడు "ఇక ప్రయత్నమెందుకు?" అని యువకుడు అడిగితే, ఆట దగ్గర బదులు లేదు. ప్రయత్నం దాసునిది, ఫలితం ప్రభువుది అన్నది మన విశ్వాసం. ఆ తండ్రి పరుగు వ్యర్థం కాదు.

కనుక ఇటువంటి ఆటకు వినోదం అవసరం లేదు. మనస్సును నిలిపే శక్తి అవసరం. పరామర్శకు వెళ్ళినవాడు వినోదాన్ని ఆశించడు; అట్లని వాకిట నిలబడి మరలిపోతే అది పరామర్శ కాదు. ఈ గేమ్ మనలను కొంతసేపైనా ఆ ఇంట కూర్చుండబెడుతుంది. పిల్లలకు ఇచ్చునప్పుడు పెద్దలు ప్రక్కన ఉండి, ఆట చెప్పని ఆ మాటను తామే చెప్పవలెను.