విమర్శనాత్మక పరిశీలన: క్లాస్ డి కిట్లు, వాట్ల లెక్క

టీపీఏ3116డీ2 చిప్‌తో మీరు ఇంట్లో అమర్చుకొనే క్లాస్ డి ఆంప్లిఫయర్‌కు ఒక సుగుణం ఉంది. ట్రాన్సిస్టర్లు స్విచ్‌ల వలె పనిచేయడం వల్ల ఉష్ణనష్టం తక్కువ, దక్షత ఎక్కువ. అయితే 'డి' అంటే డిజిటల్ అని పొరబడకండి. అది 'సి' తరువాతి అక్షరం మాత్రమే.

ఇక, ఇలాంటి బోర్డులకు చెప్పే "50+50 వాట్లు" అనే అంకెను పరిశీలిద్దాం. డేటాషీటు ప్రకారం అది 21 వోల్టుల సప్లై, 4 ఓమ్‌ల స్పీకరు, 10 శాతం విరూపణ ఉన్నప్పటి విలువ. మీరు 12 వోల్టుల అడాప్టరుతో 8 ఓమ్‌ల స్పీకర్లు వాడితే? వోల్టేజి వర్గాన్ని నిరోధానికి రెట్టింపుతో భాగించండి: 144/16 = 9. నష్టాలేవీ లేవనుకున్నా, విరూపణ లేని ధ్వని ఒక్కో చానెల్‌కు 9 వాట్లకు మించదు.

లోపం చిప్‌ది కాదు, షరతులు చెప్పని అంకెది. కాబట్టి ముందు లెక్కించండి, తరువాతే కొనండి.