బొల్లారంలో నావ

తాళ్ళరేవులో మా మావయ్య కలప పడవలు కట్టేవాడు. చెక్కల సందుల్లో దూది కూరి సుత్తితో దిగ్గొడుతూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చప్పుడు వినరా, బోలుగా మోగిందంటే నీళ్ళొస్తాయి" అనేవాడు. ఎవరింటికెళ్ళినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు. ఆ అలవాటు నాకూ అబ్బింది.

మొన్న ఆదివారం సికింద్రాబాదు కంటోన్మెంటులోని బొల్లారం హోలీ ట్రినిటీ చర్చికి ఆరాధన మొదలవక ముందే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. 1847 నాటి కట్టడం. విక్టోరియా రాణి సొంత డబ్బుతో కట్టించిందని చెప్పుకుంటారు. జనం కూర్చునే పొడవాటి నడిమి భాగాన్ని ఇంగ్లీషులో 'నేవ్' అంటారు. లాటిన్‌లో ఓడకు పేరైన 'నావిస్' నుంచి వచ్చిన మాట. మన 'నావ'ది కూడా అదే వేరు. తొలినాటి క్రైస్తవులు సంఘాన్ని ఓడతో పోల్చుకున్నారు. యూరప్‌లో చాలా పాత చర్చిల కలప కప్పును కింద నుంచి చూస్తే బోర్లించిన పడవే.

సముద్రం ఊసే లేని ఈ దక్కను రాళ్ళ మధ్య నావేమిటి అనిపించింది. ఆ సంవత్సరాన్నే తలుచుకుంటే విషయం తెలిసింది. సూయజ్ కాలువ తెరవడానికి అప్పటికింకా 22 ఏళ్ళుంది, సికింద్రాబాదుకు రైలు రావడానికి 27 ఏళ్ళు. ఈ కంటోన్మెంటుకొచ్చిన ఆంగ్లేయుల్లో చాలామంది ఆఫ్రికా కొస చుట్టి, నెలల తరబడి ఓడలో ఊగుతూ వచ్చినవాళ్ళు. దారిలో ప్రాణం పోయినవాళ్ళను నీళ్ళకే అప్పగించి వచ్చారు. అలాంటివాళ్ళు ఇక్కడ మోకరిల్లినప్పుడు 'నావ' అన్న మాట ఎంత బరువుగా ఉండేదో!

ఈ చర్చి కట్టడానికి 8 ఏళ్ళ ముందు, 1839లో, ఉప్పెన మా తాళ్ళరేవు దగ్గరి కోరంగి రేవును ముంచేసింది. మిగిలిన వడ్రంగులు ఆ ఒడ్డునే మళ్ళీ పడవలకు చెక్క కోశారు. మావయ్య చేతిలోని పని వాళ్ళ నుంచి దిగివచ్చిందే. ఇక్కడ మోకరిల్లినవాళ్ళనూ అక్కడ చెక్క కోసినవాళ్ళనూ ఒకే సముద్రం భయపెట్టింది. నన్ను ఆ బెంచీ మీంచి చాలాసేపు లేవనీయనిది ఆ ఆలోచనే.

1983 నవంబరు 20న, అదీ ఆదివారమే, ఎలిజబెత్ రాణి, ఫిలిప్ తమ 36వ పెళ్ళిరోజున ఈ చర్చిలోనే ప్రార్థన చేశారు. రెండో ప్రపంచ యుద్ధమంతా నౌకాదళంలో పనిచేసిన మనిషాయన. కూర్చోగానే ఆయనా తలెత్తి పైకి చూసి ఉంటాడనే నా నమ్మకం.

బయటికొచ్చి మావయ్యకు ఫోన్ చేశాను. బొల్లారంలో నావ ఉందన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఏ కలపరా? అతుకులు దగ్గరికెళ్ళి చూశావా?"

చూడలేదు. మళ్ళీ లోపలికెళ్ళాను.