రాతి పండు, గాజు పావురం

ఇటలీ నగల పెట్టెల్లో రెండు రకాల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 19వ శతాబ్దంలో రోమ్‌లో తయారైన రకం. బంగారు మలాము చేసిన కంచు చట్రం, మూతమీదా చుట్టు పక్కలా గాజు కణికలతో కూర్చిన బుల్లి చిత్రాలు దాని ఆనవాళ్లు. రెండోది ఫ్లోరెన్స్ రకం. దీనికి నేను తీసుకుంటున్న ఉదాహరణ ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదీచీ వంశపు ఆడపడుచు అన్నా మరియా లూయిసా కోసం 1709లో చేసిన పెట్టె. రూపకల్పన జొవాన్ని బత్తిస్తా ఫొజ్జీనిది. ఇప్పుడది ఫ్లోరెన్స్‌లోని పిట్టీ ప్యాలెస్‌లో ఉంది. నల్లటి ఎబొనీ కలప, మలాము కంచు, వాటిమీద గట్టి రాళ్లలో ఉబ్బెత్తుగా చెక్కిన పళ్లు.

ఫ్లోరెన్స్ పెట్టెను గొప్ప కళగానూ, రోమ్ పెట్టెను యాత్రికులకు అమ్మిన సరుకుగానూ చూడడం కళాభిమానుల్లో పాత అలవాటు. పెట్టెగా చూస్తే ఫ్లోరెన్స్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ తీర్పు గాజు మొజాయిక్‌కు కూడా వర్తిస్తుందనుకుంటే మాత్రం అన్యాయం.

రోమ్ పని పుట్టింది నగల కోసం కాదు, చర్చి గోడల కోసం. సెయింట్ పీటర్స్‌లో తైలచిత్రాలు చెమ్మకు పాడవుతుంటే వాటి స్థానంలో మొజాయిక్ ప్రతులు పెట్టసాగారు. ఆ పనికి 1727లో వాటికన్‌లో స్థిరమైన కార్ఖానా ఏర్పడింది. తైలవర్ణానికి సరితూగాలంటే తళతళలాడని, వెలుగు చొరని గాజు కావాలి. అలెస్సియో మత్తియోలి అలాంటి రంగు గాజును సాధించాడు. ఆ కార్ఖానా ఛాయలు వేలల్లోకి పెరిగాయి. చర్చి పనిలో చేయి తిరిగినవాళ్లు క్రమంగా బయటి గిరాకీ వైపు చూశారు. 1775 ప్రాంతంలో జాకొమో రఫయెల్లి చేతిలో ఈ పని అరచేతి సైజుకు దిగింది.

ఆ పని తీరు వింటేనే దాని విలువ తెలుస్తుంది. గాజును మళ్లీ కరిగించి, పట్టకారుతో లాగి, సన్నని పుల్లలుగా సాగదీస్తారు. ఆ పుల్లల్ని చిన్న ముక్కలుగా తుంచి, అంచున్న రాగి పళ్లెంలో లప్పం పరిచి, ఒక్కొక్కటిగా నిలువునా గుచ్చుతారు. రాతిపొడి, సున్నం, అవిసె నూనె కలిపిన ఆ లప్పం నెమ్మదిగా గట్టిపడుతుంది. అందువల్ల కుదరని ముక్కను పీకి ఇంకొకటి పెట్టే వెసులుబాటు ఉంటుంది. ఆరిన తర్వాత సందుల్లో రంగు మైనం నింపి, పైభాగాన్ని సానపడతారు. మేలైన పనిలో ఒక చదరపు అంగుళానికి 3,000 నుంచి 5,000 దాకా ముక్కలు పడతాయి. తర్వాతి కాలంలో ఒకే పుల్లలో రెండు మూడు ఛాయలు కలిసిపోయేలా చేసే ఉపాయం వచ్చింది. దానితో పిట్ట ఈక, కుక్క బొచ్చు కూడా గాజుకు లొంగాయి.

ఫ్లోరెన్స్ కార్ఖానా ఇంకా పాతది. మెదీచీ పాలకుడు మొదటి ఫెర్దినాందో దాన్ని 1588లో స్థాపించాడు. అక్కడి పద్ధతిలో రంగు తయారు చేయరు, రాళ్లలో వెతుకుతారు. ఆకుకు ఏ జాస్పర్ పలకలోని పచ్చదనం సరిపోతుంది, దాని ఈనె ఏ చారలో దొరుకుతుంది అని రాయినంతా తిప్పి తిప్పి చూస్తారు. నీలానికి వాడే లాజవర్దం రాయి బదఖ్షాన్ కొండల నుంచి రావాలి. పలచని రాతి పలకమీద కాగితపు అచ్చు అంటించి, చెట్టుకొమ్మ విల్లుకు బిగించిన ఇనుప తీగతో, తడి రాపిడి పొడి అందిస్తూ కోస్తారు. ఫొజ్జీని పెట్టెమీది పళ్లలో ఈ పని బల్లపరుపు దాటి ఉబ్బెత్తుకు వెళ్లింది. ఈ ఫ్లోరెన్స్ చేతిపనిని మన దేశంలోనే చూడవచ్చు. ఢిల్లీ ఎర్రకోట దివానే ఆమ్‌లో సింహాసనం వెనక గోడకు పొదిగిన పక్షుల పలకలు, పైన వీణలాంటి వాద్యం వాయించే గ్రీకు పురాణ గాయకుడు ఓర్ఫియస్ పలక ఆ ఊరినుంచి వచ్చినవని చెబుతారు.

ఇక కంచు దగ్గరికి వద్దాం. నాకు అసలు తేడా అక్కడే కనిపిస్తుంది. పాదరసంలో బంగారం కలిపి పూసి, నిప్పుమీద కాల్చి, పాదరసాన్ని ఆవిరిగా వెళ్లగొట్టే పాత మలాము ప్రాణాంతకమైన పని. ఆ పొగ పీల్చినవాళ్ల ఆరోగ్యాలే దానికి ధర. అంత ఖరీదైన లోహాన్ని ఫొజ్జీని పళ్లకు ఆకులుగా, కొమ్మలుగా వాడాడు. రాయి ఎక్కడ ఆగింది, కంచు ఎక్కడ మొదలైంది అని కన్ను అడగదు. రోమ్ పెట్టెలో కంచు పటం కట్టే చట్రమైపోయింది. మూతమీద సెయింట్ పీటర్స్ కూడలి, ఒక పక్క కొలోసియం, ఇంకో పక్క పాంథియన్, మరో పక్క ఫోరం శిథిలాలు. ఒక్కో పలక అందంగానే ఉంటుంది. అన్నీ కలిసి ఒక పెట్టె కావు. పలకలు ఊడదీసి గోడకు తగిలించినా వాటికి లోటు రాదు.

అయినా ఆ దృశ్యాల ఎంపికకు కారణం ఉంది. ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యాల నుంచి వచ్చినవాళ్లు రోమ్‌ను వెంట తీసుకుపోవాలనుకున్నారు. ఈ పెట్టె ఊరు దాటడానికే పుట్టింది. అన్నా మరియా లూయిసా చేసింది సరిగ్గా దీనికి ఎదురు. తన వంశం అంతరించిపోతున్నప్పుడు, 1737 నాటి ఒప్పందంలో, మెదీచీల కళాసంపద ఫ్లోరెన్స్ దాటి పోకూడదని షరతు పెట్టింది. పరదేశుల్ని ఊరికి రప్పించేది ఆ సంపదేనని ఆమెకు తెలుసు. ఆమె పెట్టె ఈనాటికీ ఆ ఊళ్లోనే ఉండడానికి వెనక ఇంత ముందుచూపు ఉంది.

రోమ్ గాజు పనికి నేను మనస్ఫూర్తిగా తలవంచేది కట్టడాల దగ్గర కాదు, పావురాల దగ్గర. తివోలీలోని హేడ్రియన్ విల్లాలో 1737లోనే ఒక ప్రాచీన మొజాయిక్ బయటపడింది. గిన్నె అంచున వాలిన పావురాలు, వాటిలో ఒకటి నీళ్లు తాగుతూ ఉంటుంది. నీటిమీద పడిన పావురం తల నీడను ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో మెచ్చుకున్న చిత్రానికి ఇది ప్రతి అంటారు. రఫయెల్లి, ఆయన తర్వాతివాళ్లు దీన్ని చిన్న డబ్బీ మూతలమీద మళ్లీ మళ్లీ కూర్చారు. కొలోసియం గాజులో చిన్నబోతుంది. పావురం మెడమీద ఛాయ మారే చోటు మాత్రం గాజు కణికకే సాధ్యం. అదే రఫయెల్లి నెపోలియన్ ప్రభుత్వం కోరికపై లియొనార్దో ‘చివరి విందు’ను పూర్తి కొలతలో మొజాయిక్ చేశాడు. అది వియన్నాలో ఒక చర్చి గోడమీద ఉంది. చూస్తే శ్రమకు ఆశ్చర్యపోతాం, అంతే. ఆయన ప్రతిభ ఉన్నది డబ్బీ మూతల్లో.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని గిల్బర్ట్ సేకరణలో రోమ్ గాజు, ఫ్లోరెన్స్ రాయి రెండూ ఉన్నాయి. బారెడు దూరంలోంచి చూసినా ఫ్లోరెన్స్ రాయి తన బలం చూపిస్తుంది. రోమ్ గాజు అంత దూరంలో మామూలు తైలచిత్రంలా కనబడి ఊరుకుంటుంది. జానెడు దూరానికి తెచ్చుకుంటే తప్ప కణికలు విడివిడిగా కనపడవు, చిత్రం ఎలా కుదిరిందో అర్థం కాదు. నగలు తీసుకోవడానికి మూతమీదికి వంగే మనిషి కోసం చేసిన పనిని అద్దాల అరలో దూరంగా పెట్టి, ఫ్లోరెన్స్‌తో పోల్చి తక్కువ మార్కులు వేశాం.