ఎనిమిది ముక్కల పెట్టె

ఎల్‌కేజీ అని రోజూ అంటాం. అందులో ‘కేజీ’ ఏమిటన్నది మా మనవరాలికి బడి వెతికేటప్పుడు గాని నాకు పట్టలేదు. అది కిండర్‌గార్టెన్. జర్మన్ మాట, పిల్లల తోట అని అర్థం. 1840లో ఆ పేరు పెట్టినవాడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. ఆయన ఒక పేరూ ఇచ్చాడు, ఒక చెక్కపెట్టే ఇచ్చాడు. పేరు మన సందుసందుకూ వచ్చి బోర్డెక్కింది. పెట్టె మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది. ఆటలతో చదువు చెప్పే బడి ఏదో తేల్చుకోవాలనుకునే అమ్మానాన్నలు ముందు ఆ పెట్టెను చేతిలోకి తీసుకుని చూడాలి.

ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టాడు. ఏడాది నిండకుండానే తల్లి పోయింది. కుర్రతనంలో అడవులు చూసే ఉద్యోగి దగ్గర పని నేర్చాడు. తర్వాత బెర్లిన్‌లోని ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాల మధ్య పనిచేశాడు. చెట్టు లోపలి నుంచి పెరుగుతుందని అడవిలో చూశాడు. రాయి కూడా లెక్క ప్రకారమే రూపు కడుతుందని మ్యూజియంలో చూశాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో ఆయన తయారుచేయించిన ఆటవస్తువుల్లో ఈ రెండు చూపులూ కలిశాయి. వాటికి ఆయన పెట్టుకున్న పేరు ‘కానుకలు’.

మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది మూడు చెక్క రూపాలు: గోళం, స్థూపం, ఘనం. ఘనాన్ని దారంతో వేలాడదీసి గిర్రున తిప్పితే అంచులు కరిగిపోయి స్థూపం కనబడుతుంది. స్థూపాన్ని నడుము దగ్గర కట్టి తిప్పితే అందులోంచి గోళం పొడకడుతుంది. ఏటికొప్పాక లక్కబొంగరం తిరుగుతుంటే రంగుల చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం చూసినవాళ్లకు ఈ తమాషా కొత్త కాదు. అయితే ఒక రూపం కడుపులో ఇంకో రూపం దాగి ఉంటుందని మాట ఖర్చు లేకుండా మూడేళ్ల పిల్లకు చూపించడం ఫ్రోబెల్ నేర్పు.

నన్ను కట్టిపడేసింది మూడో కానుక. రెండంగుళాల చెక్క ఘనం. దాన్ని మూడు వైపుల నుంచీ సరిగ్గా సగానికి కోస్తే ఎనిమిది చిన్న ఘనాలు, ఒక్కోటీ అంగుళం. గాడిలో జారే మూతతో ఒక పెట్టె. అంతే.

అంతేనా అనుకుని, మా వీధి వడ్రంగికి ఒకటి చేసిపెట్టమన్నాను. ఆయన నవ్వాడు. “దిమ్మను కోస్తే అంగుళం ముక్క రాదండీ, రంపం తన వంతు తినేస్తుంది” అన్నాడు. ఒక టేకు కర్రను నాలుగు పక్కలా అంగుళానికి చిత్రిక పట్టి, కొంచెం ఎక్కువ పొడవుంచి ముక్కలు కోసి, ఒక్కోదాన్నీ గరుకుకాగితం మీద రుద్ది, మూలమట్టం ఆనించి చూశాడు. పూటంతా పట్టింది. ఎనిమిదింటిలో ఏ ముక్కను ఏ చోట పెట్టినా, ఏ పక్కకు తిప్పి పెట్టినా, మొత్తం ఘనానికి ఎక్కడా మెట్టు కనబడకూడదు. ఒక్క ముక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా పసివేలికి తెలిసిపోతుంది. పెట్టె ఇంకా పేచీ. బిగుతైతే పైకి రాదు, వదులైతే ముక్కలు చెదిరిపోతాయి.

ఇచ్చే పద్ధతిలోనూ అంతే పనితనం ఉంది. పెట్టెను బల్ల మీద బోర్లించాలి. మూతను కింద నుంచి పక్కకు లాగాలి. పెట్టెను నిలువుగా మెల్లగా ఎత్తాలి. బల్ల మీద చెక్కుచెదరని ఘనం నిలబడి ఉంటుంది. ముక్కల కుప్పను పిల్ల ముందు గుమ్మరించడం ఆయనకు ఇష్టం లేదు. ముందు నిండు రూపం చూడాలి, తర్వాత విడదీయాలి, చివరికి మళ్లీ నిండు రూపంగా పెట్టెలో పెట్టాలి. ఆట ముగిసేటప్పటికి సర్దడం కూడా ఆటే అవుతుంది.

నడుమ జరిగేది మూడు రకాలు. కుర్చీ, మెట్లు, బావిగట్టు లాంటి చూసిన వస్తువులు కట్టడం ఒకటి. మధ్యలో నాలుగు పెట్టి, చుట్టూ నాలుగింటిని ఒక్కో అడుగు జరుపుతూ ముగ్గులాంటి రూపాలు వేయడం రెండోది. సగం, పావు, అరపావు అని విడదీసి కలపడం మూడోది. ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: అన్ని ముక్కలూ వాడాలి. కుర్చీ కట్టాక ఒకటి మిగిలిందా, దాన్ని విసిరెయ్యడం కుదరదు. అది కుర్చీ ముందు పీట కావాలి. కట్టినదాన్ని కూలగొట్టి కొత్తది మొదలుపెట్టడమూ లేదు. ఒక్కో ముక్కను జరుపుతూ కుర్చీనే మంచం చేయాలి.

నాలుగో కానుకలో అదే ఘనం, అవే ఎనిమిది ముక్కలు. కాని ఇవి ఇటుకలు: పొడవు రెండంగుళాలు, వెడల్పు అంగుళం, మందం అరంగుళం. లెక్క వేసి చూడండి, ఒక్కో ఇటుకలో ఉన్న చెక్క మూడో కానుకలోని ఘనంలో ఉన్నంతే. కాని ఇటుక నిలబడుతుంది, పడుకుంటుంది, చేరగిలబడుతుంది. వరసగా నిలబెట్టి ఒకదాన్ని తోస్తే అన్నీ పడతాయి. చెక్క అంతే ఉన్నా రూపం మారితే నడత మారుతుందన్న సంగతి పాఠం చెప్పకుండానే చేతికి అందుతుంది.

ఈ అమాయకపు పెట్టెను చూసి ప్రభుత్వం జడుసుకుందంటే నమ్మబుద్ధి కాదు. 1851లో ప్రష్యా కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటేడే ఫ్రోబెల్ కన్నుమూశాడు, 1860లో గాని నిషేధం తొలగలేదు. ఈలోగా జర్మన్ వలస కుటుంబాలతో ఆయన పద్ధతి అమెరికా చేరింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలను చూసి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకు కోసం తెచ్చింది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్, తర్వాత పేరుమోసిన వాస్తుశిల్పి.

లోపం చెప్పకపోతే మెచ్చుకోలు బోలు అవుతుంది. ఫ్రోబెల్ తర్వాత వచ్చిన అనుచరులు చాలామంది ఆటను కవాతు చేశారు. టీచరు చెప్పిన ముక్కను చెప్పిన చోట అందరూ ఒకేసారి పెట్టాలి. పెట్టె అదే, తోట పోయింది.

అందుకే బడి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను బ్రోషర్ అడగలేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే చదువు కావాలంది, కనుక ‘ఆటపాటలతో బోధన’ అన్న మాట ఇప్పుడు ప్రతి గేటు మీదా ఉంది. ఒక బడిలో చెక్కముక్కలు అద్దాల బీరువాలో తళతళలాడుతున్నాయి, బీరువాకు తాళం. గోడ మీద ముప్ఫై సీతాకోకచిలుకలు, ముప్ఫైటికీ ఒకటే రంగు. ఇంకో బడి పాత పెంకుటిల్లు. అక్కడి ముక్కలు పిల్లలకు అందే అరలో ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మా వడ్రంగి మూలమట్టం పెట్టి నిలబెట్టే పదును అంచులు దానికి ఏనాడో గుండ్రబడ్డాయి. రంగు మాసి నున్నగా ఉంది. మూల కూర్చున్న ఒక బుడతడు వంతెన కింద మిగిలిన ముక్కను పడవ చేసి అటూ ఇటూ నడుపుతున్నాడు. టీచరమ్మ పక్కనే ఉంది, ఏం కట్టావని అడగలేదు. పడవకు దారి ఇవ్వడానికి తన చెయ్యి పక్కకు తీసింది.

ఫీజు సంగతి ఆ తర్వాతే అడిగాం.