సూత్రధారుఁడును బరదేశనాటకమును

నాటకమునకుఁ జుట్టునున్న యావరణము కథలో భాగము గాకున్నను రసానుభవమున భాగమగును. తెర తొలఁగుటకు ముందు వినవచ్చిన మాటయే ప్రేక్షకుని దృష్టికి మార్గ మేర్పఱచును. కావునఁ బరదేశమునుండి తెచ్చుకొన్న నాటకమును విమర్శించునపుడు దాని యావరణమును గూడఁ బరీక్షింపవలయును.

ఇందుకొక దృష్టాంతము. చింతపల్లి మండలమున మన్యపుఁగొండలలో నున్న లంబసింగిని బర్యాటకులు “ఆంధ్రకాశ్మీర” మందురు. స్థానికులు కొర్రబయలందురు. ఆరుబయట నున్నవాఁడు చలికిఁ గొయ్యవలె బిగిసిపోవునని యా పేరి కర్థము చెప్పుదురు. మొదటిపేరు జనులను గొండ యెక్కించును. రెండవది కొండచలిని దెలుపును. కాశ్మీరమును వెదకఁబోయినవానికిఁ గొర్రబయలు కనఁబడకపోవచ్చును. దిగుమతి నాటకములకును నిట్టి ప్రమాదము గలదు.

అమెరికాలో బోస్టను నగరపు ప్రజాదూరదర్శన కేంద్రము 1971 జనవరిలో “మాస్టర్‌పీస్ థియేటర్” అను పేర బ్రిటిషు నాటకములను బ్రదర్శింప నారంభించెను. ధనము మోబిల్ చమురు సంస్థది. ఆరంభవాద్యము ఫ్రెంచి విద్వాంసుఁడగు మూరే రచన. 1992 వఱకు సూత్రధారుఁడు ఇంగ్లండునఁ బుట్టి యమెరికా పౌరుఁడైన ఆలిస్టర్ కుక్. ఆతఁడు నాటకమునకు ముందు దేశకాలములను మృదువుగా వివరించెడువాఁడు.

1974లో “అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్” ఈ వేదిక కెక్కెను. బ్రిటనులో నది వ్యాపారప్రకటనల నడుమఁ బ్రసారమైన వాణిజ్యసంస్థ నాటకము. అమెరికాలోఁ బ్రకటనలు తొలఁగి “ఉత్తమకృతి” యను మకుటము చేరెను. కథ మాఱలేదు, కులము మాఱినది. మఱియుఁ దొలి రెండు వరుసలలోని 26 భాగములలో 13 మాత్రమే యపుడు చూపఁబడెను. ముందుమాట యెంత మధురమైనను విడువఁబడిన భాగములకు బదులు కానేరదు.

మన నాటకరంగమున కీ సమస్య క్రొత్తది గాదు. 1880లో ధార్వాడ నాటకసమాజము రాజమహేంద్రవరమున నాడి వెడలిన పిమ్మట, కందుకూరి వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచేఁ “జమత్కార రత్నావళి” నాడించిరి. షేక్స్‌పియరు “కామెడీ ఆఫ్ ఎర్రర్స్” దానికి మూలము. పంతులుగారు దానికి మనదేశపు వేషము దొడిగిరి. అంతకు మున్నే వావిలాల వాసుదేవశాస్త్రిగారు “జూలియస్ సీజరు”ను దేటగీతులలోఁ దెలిఁగించి “సీజరు చరిత్రము” వెలయించిరి. రోమకుల కథను రోమకుల కథగనే నిలిపిరి. మొదటి పద్ధతిలోఁ బ్రేక్షకుఁడు సుఖముగా నవ్వును గాని, యెవరి కథకు నవ్వుచున్నాఁడో యెఱుఁగఁడు. రెండవదానఁ బఠితకు శ్రమ యధికము. కాని పరాయిది పరాయిదిగనే తెలియును.

అమెరికావారి మార్గము శాస్త్రిగారి మార్గమునకు సమీపము. నాటకమునకు వేషము మార్పక, ప్రక్కన వ్యాఖ్యాతను నిలిపిరి. ఇంతవఱకు మెచ్చఁదగినదే. దోష మంతయుఁ బేరిలో నున్నది. ఉత్తమమని ముందే చాటఁబడినదానిని దూచి చూచువా రరుదు. 2008లో నా శీర్షికనుండి “థియేటర్” అను మాట తొలఁగెను; “మాస్టర్‌పీస్” మాత్రము నిలిచెను. నాటకము పోయి ప్రశంస మిగిలినట్లయ్యెను!

దిగుమతి నాటకమునకు సూత్రధారుఁ డావశ్యకుఁడే. అది యెచట నుండి వచ్చెనో, యచట నెవ్వరికొఱకుఁ బుట్టెనో, యిచట నేమి విడువఁబడెనో యతఁడు చెప్పవలయును. గుణనిర్ణయము మాత్రము ప్రేక్షకునకు విడువవలయును. మన యనువాదముల పీఠికలకును నీ నియమమే వర్తించును.